ఆక్సిజన్ కూడా లోహమే

మొదటి చుక్క పడగానే చిన్నకోడలు "అబ్బ, మంట" అని నవ్వి కళ్లు గట్టిగా మూసుకుంది. నర్సు ఆమె చేతిలో ఇంత దూది పెట్టి, "గంటసేపు తెరవకూడదమ్మా, మధ్యమధ్యలో నేనే వచ్చి వేస్తుంటాను, కనుపాప బాగా పెద్దదవ్వాలి" అని చెప్పి, పక్కన కూర్చున్న పెద్దకోడలి వైపు తిరిగి, "మీరు కాస్త చూస్తుండండి" అంది. చూస్తూనే ఉంది. ఈ గంట కోసమే కదా వచ్చింది. మరిది ఊళ్లో లేడని, పిల్లకి పరీక్ష ఉందని, మందు వేసిన కళ్లతో ఒక్కతే ఇంటికి రాలేదని తెలియగానే, "నేను తీసుకెళ్తాలే" అని ఫోన్లో తనే ముందు పడి అంది. అవతలినుంచి కాసేపు మాట రాకపోతే, "ఏం, నాతో రాకూడదా" అని వేళాకోళం కూడా ఆడింది. గంటసేపు ఆ కళ్లు మూసుకుని ఉంటాయి. మూసుకున్న కళ్ల ముందైతే చెప్పగలననుకుంది. రెండేళ్లుగా నోటిదాకా వచ్చి వెనక్కి పోతున్నవి నాలుగే నాలుగు మాటలు. ఆ రోజు నువ్వన్నదే నిజం. లెక్కపెట్టి మరీ సిద్ధం చేసుకుంది, బస్సులో వస్తూ వేళ్ల మీద.

పెద్దకోడలు, చిన్నకోడలు అన్నవి అత్తగారు పెట్టిన పిలుపులు. ఆవిడ పోయి ఎన్నాళ్లయినా ఇద్దరికీ అవే మిగిలాయి. పెద్దకోడలికి ఇంకో పిలుపు కూడా ఉంది, లెక్చరరమ్మ, ఏ కాలేజీలోనూ ఒక్కరోజు పాఠం చెప్పకపోయినా. కెమిస్ట్రీలో డిగ్రీ, అదీ కాలేజీ మొత్తానికి ఫస్టు. ఆ ఫస్టు అప్పట్నుంచీ ఆమెతోనే ఉంది, వంటగదిలో ఉంది, పిల్లల నోటుపుస్తకాల మీద ఎర్రసిరాలో ఉంది, ఎవరైనా మజ్జిగ పులిసిందంటే ఎందుకు పులిసిందో చెప్పేదాకా ఊరుకోని నాలుక మీద ఉంది. చిన్నకోడలు పదో తరగతి. ఇంట్లోనే కుట్టు మిషను పెట్టుకుని చొక్కాలు, పరదాలు, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. కుట్టి కుట్టి కళ్లు పోగొట్టుకుందని బంధువులంతా అంటున్నారుగానీ డాక్టరు అలా అనలేదు. "కంటి వెనక పొరలో నీరు చేరినట్టుంది, చుక్కలు వేసి లోపల చూస్తేగానీ చదివే చూపు ఎంతవరకు నిలుస్తుందో చెప్పలేను" అన్నాడు పోయిన వారం. "కుట్టు వంకర పోతోందనుకుని మూడుసార్లు విప్పి కుట్టాను డాక్టరుగారూ, తీరా చూస్తే కుట్టు తిన్నగానే ఉంది, వంకర నా కంట్లో ఉంది" అందట చిన్నకోడలు. ఆ మాట చెప్పి ఇంటిల్లిపాదినీ నవ్వించింది కూడా. చివర్లో మాత్రం గొంతు కొంచెం తగ్గించి, "పోనీలే, చదవడం ఎలాగూ మానేశాను" అంది. ఆ మాట అందరూ విన్నారు. పట్టుకున్నది పెద్దకోడలు ఒక్కతే. చేపముల్లు మింగినట్టు అప్పట్నుంచీ గొంతులోనే ఉంది.

ఎప్పుడు మానేసిందో తెలుసు. ఏ శనివారం, ఏ పూట, గడియారంలో ఎంతైందో కూడా తెలుసు. వీధి చివర లైబ్రరీలో నెలకో శనివారం మధ్యాహ్నం ఇంటిపట్టున ఉండేవాళ్లు ఎవరో ఒకరు ఏదో ఒక విషయం మీద మాట్లాడే అలవాటుంది. పెద్దకోడలు అక్కడ మూడుసార్లు మాట్లాడింది. సబ్బు మురికినెలా వదిలిస్తుందో చెప్పినప్పుడు ముందు వరసలోనే ఇద్దరు కునుకు తీశారు. ఆ శనివారం చిన్నకోడలి వంతు వచ్చింది. నక్షత్రాల మీదంట, అని విన్నప్పుడు లోపల చిన్న నవ్వు నవ్వుకుని వెళ్లి కూర్చుంది. చిన్నకోడలు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో నిమ్మకాయంత బూడిదరంగు ఉండ. "మూడు నెలలు మిషను కింద ఊడవలేదండీ" అని మొదలుపెట్టింది. "మా ఇంట్లో బద్ధకం అన్నారు. కాదు, గ్రహం చేస్తున్నానన్నాను." ముప్పై మంది పగలబడి నవ్వారు. దారపు ముక్కలు, గుడ్డ నూగు, దుమ్ము, ఒకదానికొకటి ఊరికే అంటుకుంటాయి, ఎవరూ చుట్టరు, మనిషి నడిచిన గాలికి దొర్లి దొర్లి ఉండ కడతాయి, పెద్దదయ్యేకొద్దీ చిన్నవాటిని తనే లాక్కుంటుంది, సూర్యుడు పుట్టగా చుట్టూ మిగిలిన దుమ్ము కూడా ఇలాగే ఉండలు కట్టింది, మనం కాళ్లు పెట్టుకున్న ఈ నేల అలాంటి ఒక ఉండ, అంది. డబ్బా చేతులు మారుతూ వరసల వెంట వెళ్లింది. దాన్ని పట్టుకున్నవాళ్లు ఊపిరి బిగబట్టి చూశారు, ఊదితే ఎగిరిపోతుందేమో అన్నట్టు. లైబ్రరీ ఆయన చెంప చేతిలో పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని వింటున్నాడు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, పెద్దకోడలి లోపల ఏదో గీరుకుంది. సబ్బు గురించి చెప్పినప్పుడు ఎవరూ అలా వినలేదు. నూగు ఉండ. పదో తరగతి. వినడం మానేసి కాచుకుని కూర్చుంది. తప్పు కోసం. ఆ మాట తనకు తాను ఒప్పుకోవడానికే ఏడాది పట్టింది.

నర్సు వచ్చి రెండో విడత వేసింది. చిన్నకోడలి మూసిన రెప్పల కింద గుడ్లు అటూ ఇటూ కదులుతున్నాయి, కల కంటున్నట్టు. ఎదుటి వరసలో నల్లద్దాల పెద్దాయన పక్కవాడితో చెబుతున్నాడు, "ఆపరేషన్ అయ్యాక మా ఆవిడ మొహం స్పష్టంగా కనపడుతోంది, మళ్లీ పాత పొర పెట్టేయమంటే కుదరదంటున్నాడు డాక్టరు." పక్కవాడు నవ్వాడు. పెద్దాయన భార్య చేతిలోని ఫైలుతో ఆయన మోకాలి మీద ఒకటి వేసింది. చిన్నకోడలు కూడా కళ్లు మూసుకునే నవ్వింది, "విన్నారా అక్కా" అని. విన్నాను అంది. ఇప్పుడు చెప్పాలి, ఈ నవ్వు ఆరకముందే, ఆ రోజు నువ్వన్నదే. కానీ కుర్చీ చల్లగా ఉంది. వరసగా కలిపి బిగించిన స్టీలు కుర్చీలు, ఒకరు కదిలితే నలుగురూ కదులుతారు. స్టీలు అంటే ఇనుము, కొంచెం కార్బన్. ఈ రెండిట్లో ఏది లోహం, చెప్పు చూద్దాం, అని ఎవరో లోపలనుంచి తన గొంతుతోనే అడిగారు.

మొదట్లో రెండే ఉండేవంట, అంది చిన్నకోడలు ఆ రోజు. హైడ్రోజన్, హీలియం. మిగతావన్నీ నక్షత్రాలు తమ కడుపులో వండినవే, అవి పేలి చిమ్మితే మనదాకా వచ్చినవే, మన ఒంట్లో నెత్తురెర్రగా ఉందంటే ఎక్కడో ఒక నక్షత్రం చచ్చిపోయి ఇనుమిచ్చింది కాబట్టే. "నక్షత్రాల సంగతి చూసే శాస్త్రవేత్తలు ఆ రెండూ తప్ప మిగతా అన్నిటినీ కలిపి ఒకే పేరుతో పిలుస్తారండీ, లోహాలు అని. వాళ్ల లెక్కలో కార్బన్ లోహమే, మనం పీల్చే ఆక్సిజన్ కూడా లోహమే." అని ఆగింది. ఆగి, చేతిలో కాగితం కిందికి దించి, ముందు వరస వైపు చూసింది. కుడిచెయ్యి కొంచెం ముందుకు వచ్చింది. తడబడింది, తప్పన్నానని తనకే తెలిసిపోయి దిక్కులు చూస్తోంది అనుకుంది పెద్దకోడలు. ఆ క్షణంలో తన ఒంట్లోకి వచ్చిన సంతోషం, దానికి ఇంకో పేరు లేదు, పండగలాంటి సంతోషం. "అయితే మనమంతా ఇప్పుడు ఇనపరజను పీలుస్తున్నామన్నమాట, కాస్త మెల్లగా పీల్చండమ్మా, ముక్కులు గీరుకుపోతాయి" అంది గట్టిగా. హాలు మళ్లీ పగలబడి నవ్వింది. ఇందాకటి నవ్వు కాదు ఇది. ఆపితే బాగుండేది. ఆపలేదు. "ఆక్సిజన్ అలోహం, ఏడో తరగతి పిల్లల్నడిగినా చెప్తారు." ఏడో తరగతి పిల్ల వెనక వరసలోనే కూర్చుని ఉంది, వాళ్లమ్మ మాట్లాడుతుంటే వినడానికి మంచి గౌను వేసుకుని మరీ వచ్చింది. చిన్నకోడలు నవ్వింది. కాగితాలు నాలుగూ మడిచింది. "మా అక్క చెప్పాక ఇంకేముంది" అని డబ్బా మూత బిగించి దిగిపోయింది. చెప్పాల్సింది ఇంకా ఉందని అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

అంతవరకూ ఆ పిల్ల పెద్దమ్మా, పెద్దమ్మా అంటూ గుమ్మంలోనే చెప్పులు విసిరేసి లోపలికి పరిగెత్తుకొచ్చేది. ఆ తర్వాతి వారం ఏదో ఇవ్వడానికి వచ్చి, చెప్పులు వరసగా విడిచి, గుమ్మం బయటే నిలబడి, "పెద్దమ్మ గారూ, అమ్మ ఇమ్మంది" అంది. గారు. రెండక్షరాలు. ఎవరు విన్నా పిల్లకి ఎంత మర్యాద నేర్పారో అంటారు. పెద్దకోడలి భర్త అలాగే మురిసిపోయాడు కూడా. ఆ గారు వింటుంటే పెద్దకోడలికి చెంపమీద కొట్టినట్టుండేది, అదీ నెమ్మదిగా, రోజుకొకటి చొప్పున. తప్పు దిద్దితే ఇంత కోపమా అని మొదట తనకీ కోపం వచ్చింది. ఆ కోపంలోనే లైబ్రరీకి వెళ్లి చిన్నకోడలు చదివిన నక్షత్రాల పుస్తకమే అడిగి తెచ్చుకుంది, ఆమె చెప్పినదాంట్లో ఇంకెన్ని తప్పులున్నాయో ఏరి పెట్టుకుందామని. పెన్సిలు చెక్కి మరీ కూర్చుంది. డెబ్బయ్యో పేజీ దాటలేదు. ఉంది. ఉన్నదున్నట్టు ఉంది. హైడ్రోజన్, హీలియం కాని మూలకాలన్నిటినీ ఖగోళ శాస్త్రవేత్తలు లోహాలనే అంటారు. పెన్సిలు కింద పెట్టి కిటికీలోంచి అవతలి మేడ మీద ఆరేసిన దుప్పట్లని చూస్తూ కూర్చుంది. పొయ్యి మీద కూరలో నీరంతా ఇగిరి, అడుగంటి, ఇల్లంతా పొగ కమ్మేదాకా.

అప్పుడే వెళ్లాల్సింది. నాలుగు వీధుల దూరం. వెళ్లలేదు. దానికి బదులు ఇంకేవేవో చేసింది. కిటికీలన్నిటికీ కొత్త పరదాలు కుట్టమని ఇచ్చింది, పాతవి బాగానే ఉన్నా. పిల్లకి అట్లాసు కొనిచ్చింది, "థాంక్స్ పెద్దమ్మ గారూ." నలుగురిలో, మా చిన్నకోడలి చేతిలో ఉన్న పనితనం ఎవరికీ రాదు అని పొగిడింది. ఒక్కో మంచిపని చేసినప్పుడు కొన్నాళ్లు లోపల వెచ్చగా ఉండేది, అది చల్లారగానే ఇంకోటి. ఆ పుస్తకంలో పెద్ద నక్షత్రం కూడా అలాగే బతుకుతుంది, హైడ్రోజన్ అయిపోతే హీలియం, అదయిపోతే కార్బన్, నిన్న మిగిలిన బూడిదే ఇవాళ్టి కట్టె. ఒక్కోటి ముందుదానికంటే తొందరగా అయిపోతుంది. చివరికి ఇనుము తయారవుతుంది. ఇనుముని మండిస్తే వేడి పుట్టదు. ఊరికే నడిమధ్యలో పేరుకుంటుంది. పైకి నక్షత్రం ఎప్పట్లాగే వెలుగుతుంటుంది, చూసేవాళ్లకేమీ తెలియదు, ఆహా ఎంత కాంతి అంటారు. లోపల ఇనుము పెరిగి పెరిగి, ఇక తన బరువు తను మోయలేని క్షణం ఒకటి వస్తుంది. కోట్ల ఏళ్లు నిలబడ్డది కూలడానికి ఒక్క సెకను కూడా పట్టదట.

మూడో విడత. "ఇంకొక్కసారి వేస్తే సరిపోతుందమ్మా" అని నర్సు వెళ్లింది. గంటలో సగం పైన గడిచిపోయింది. నవ్విన సంగతి చెప్పడం కష్టం కాదు, పుస్తకం చూసి దాచిన సంగతి కూడా ఎలాగో చెప్పొచ్చు. వాటి కింద ఇంకోటుంది. ఆ శనివారానికి ముందురోజు సాయంత్రం చిన్నకోడలు నాలుగు కాగితాలు పట్టుకుని వచ్చింది. "ఒక్కసారి చూసి పెట్టండక్కా, తప్పులుంటే దిద్దండి. రేపు అందరి ముందూ మీ పరువు తియ్యకూడదు కదా." తన పరువు అనలేదు. మీ పరువు అంది. సరే పెట్టి వెళ్లు అంది తను. ఫ్రిజ్జు మీద పెట్టింది, దాని మీద పాలప్యాకెట్ల కత్తెర పెట్టింది. రాత్రి వంటయింది, టీవీ అయింది, పొద్దున చిన్నకోడలు వస్తే కత్తెర తీసి కాగితాలు చేతికిచ్చి, "బాగానే ఉంది" అంది. చిన్నకోడలి మొహం ఎలా వెలిగిందో, అదిప్పటికీ కనిపిస్తుంది. ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనిపిస్తోంది. చీకట్లో రంగురంగుల మరకలు, మధ్యలో ఆ మొహం.

"అమ్మాయ్" అంది. "ఆక్సిజన్ లోహమే."

నాలుగు మాటలూ ఏమైపోయాయో, ఇవి వచ్చాయి. అదీ గట్టిగా వచ్చాయి. నల్లద్దాల పెద్దాయన తలెత్తాడు. "ఏదీ, ఆక్సిజనా? ఎప్పట్నుంచండీ?"

చిన్నకోడలు కళ్లు తెరవలేదు. దూది బుగ్గ దగ్గరే ఆగిపోయింది. "మా అక్కని అడగండి బాబాయిగారూ. చదువుకున్నావిడ" అంది.

"నక్షత్రాల లెక్కలో అండీ" అంది పెద్దకోడలు. అంటుంటే చెవులు కాలిపోతున్నాయి. "రెండు తప్ప అన్నీ లోహాలే వాళ్లకి. ఈ సంగతి ఈవిడ ఎప్పుడో చెప్పింది. నేను నవ్వాను, ముప్పై మంది ముందు. నెల తిరక్కుండానే పుస్తకంలో చూశాను, ఉంది. అయినా చెప్పలేదు." పెద్దాయన ఏదో అనబోయాడు. భార్య మళ్లీ మోకాలి మీద చెయ్యి వేసింది, ఈసారి కొట్టలేదు, వేసింది. ఇద్దరూ అటు తిరిగి గోడమీది అక్షరాల పట్టీ చూడసాగారు.

"తెలుసు" అంది చిన్నకోడలు, మెల్లగా.

"ఏం తెలుసు?"

"పుస్తకం మీరు తెచ్చుకున్నారని. మీ అక్కగారు కూడా పట్టుకెళ్లారమ్మా అని లైబ్రరీ ఆయన చెప్పాడు. అయితే చదివి వస్తారనుకున్నాను. ఆ వారమంతా సాయంత్రాలు టీకి ఒక కప్పు పాలు ఎక్కువ పోశాను." దూదితో కంటి చివర ఒత్తుకుంది. మందే అయ్యుంటుంది. "మిగిలిన టీ రోజూ నేనే తాగేదాన్ని, నిద్ర పట్టేది కాదు."

పెద్దకోడలు సర్దుకుని కూర్చుంది. కుర్చీ కదిలింది. నలుగురూ కదిలారు.

"ఒక్కటి అడుగుతాను అక్కా. కోపం వద్దు. ముందురోజు మీకు కాగితాలిచ్చాను. చదివి బాగుందన్నారు. తప్పనిపిస్తే అక్కడే చెవి మెలేసి చెప్పొచ్చుగా, నేనేమైనా అనుకునేదాన్నా? అందరి ముందూ చెప్పడానికి దాచుకున్నారా?"

అబద్ధం నాలిక మీదే ఉంది, తయారుగా ఉంది, చక్కగా ఉంది. అప్పుడు గమనించలేదే, పై పైన చూశాను. సగం నిజం లాంటిది. మూసిన ఆ కళ్లు తన వైపే తిరిగి ఉన్నాయి, తెరిచి ఉన్నా ఇంతగా చూసేవి కావు.

"చదవలేదు."

"సగం కూడానా?"

"ఒక్క ముక్క కూడా చదవలేదు. ఫ్రిజ్జు మీద పెట్టి మర్చిపోయాను."

ఎక్కడో లోపలి గదిలో ఎవరో పిల్లాడు అక్షరాలు ఒక్కొక్కటే గట్టిగా చదువుతున్నాడు, కిందికి వెళ్లేకొద్దీ తప్పులు పెరుగుతున్నాయి. "రెండేళ్లూ చదివారనే అనుకున్నాను" అంది చిన్నకోడలు చివరికి. "చదివి, ఎక్కడ నవ్వాలో గుర్తు పెట్టుకున్నారనుకున్నాను. చదవనే లేదన్నమాట." నవ్వబోయినట్టయింది. "ఇందులో ఏది పెద్ద తప్పో నాకిప్పుడు తోచట్లేదక్కా. కళ్లు తెరిచాక చూస్తాను."

నర్సు వచ్చింది, టార్చి వేసి చూసి, కనుపాప బాగా తెరుచుకుంది రండమ్మా అని చెయ్యి పట్టుకుంది. పెద్దకోడలు లేవబోతే, మీరిక్కడే ఉండండి అంది. చిన్నకోడలు రెండడుగులు వేసి ఆగింది, గది తలుపు ఎటుందో అటు కాకుండా వెలుగు ఎటుందో అటు చూస్తూ. "నా సంచిలో ఉన్నాయి" అంది. "కొలతల కాగితాల్లో. వెనకవైపు తెల్లగా ఉందని వాడేశాను. లోపల అరగంట పడుతుందట. చదవండి."

సంచిలో టేపు, సుద్దముక్క, రబ్బరుబ్యాండు వేసిన కాగితాల కట్ట. యూనిఫారం, భుజం పదమూడు. చొక్కా, పొడవు ఇరవై తొమ్మిది. నాలుగు పెద్ద కాగితాలు మడత దగ్గర పల్చబడి ఉన్నాయి. మూడోదాని వెనక, పెద్దక్క కిటికీలు, అయిదడుగులు, మడత నాలుగంగుళాలు, గుడ్డ మంచిదే వెయ్యాలి, అని ఉంది. తను చేసిన మంచిపని. తిప్పింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు, ఎన్నిసార్లు తిరగరాసి ఈ ప్రతి తయారు చేసిందో. మొదటినుంచీ చదివింది, మూడు నెలలు ఊడవలేదండీ దగ్గర్నుంచి, ఒక్క అక్షరం వదలకుండా, పెదాలు కదుపుతూ. కార్బన్ లోహమే. ఆక్సిజన్ కూడా లోహమే. ఆ వాక్యం కింద వేరే సిరాతో, తనకోసం తను రాసుకున్న ముక్క ఉంది.

ఇక్కడ ఆగాలి. ఇది వింతగా ఉంటుంది, నేనంటే ఎవరూ నమ్మరు. అక్కని లేపాలి. ఎందుకలా అంటారో అక్క అయితే బాగా చెప్తుంది.

కాగితం కిందికి దించి ముందు వరస వైపు చూసిన చూపు. కొంచెం ముందుకు వచ్చిన కుడిచెయ్యి. అరచెయ్యి పైకి తిప్పి ఉంది. ఇప్పుడు గుర్తొచ్చింది, అరచెయ్యి పైకి తిప్పే ఉంది, రండి అని ఎవరినైనా పిలిచేటప్పుడు చాపినట్టు.

తలుపు తెరుచుకుంది. "ఆవిడ అక్కగారు ఎవరండీ ఇక్కడ?" అని నర్సు కేకేసింది. "డాక్టరుగారు ఏదో చెప్పాలంటున్నారు. అక్కయితే నాకు అర్థమయ్యేట్టు చెప్తుంది, పిలవండి అంటోంది ఆవిడ. లేవండి."

మూడో కాగితం చేతిలో ఉండగానే పెద్దకోడలు లేచింది.